ఒంగోలు కొండమీది ఉషస్సు

నంద్యాలకు పది మైళ్ళ దూరంలో, నల్లమల కొండల పాదాన వెలసిన మహానందిని దర్శించినవారికి అక్కడి కోనేటి నీరు మరపురానిది. వేసవిలోనూ, వానకాలంలోనూ ఆ నీరు ఒకే మట్టాన నిలిచి ఉంటుంది. అడుగున పడిన నాణెం పైకి స్పష్టంగా కనుపించేటంత తేటగా ఉంటుంది. కొండమీద ఎప్పుడో కురిసిన వాన నేలలోనికి ఇంకి, కంటికి కానరాని త్రోవలలో సాగి, కొండ అడుగున ఊటగా పైకి ఉబుకుతుంది. వాన కురిసిన చోటు వేరు, ఊట పుట్టిన చోటు వేరు. నడుమ గడిచిన కాలాన్ని లెక్కించినవారు లేరు.

ఆ నల్లమలలోనే గుండ్ల బ్రహ్మేశ్వరం సమీపాన జన్మించిన గుండ్లకమ్మ తూర్పుదారి పట్టి, కంభం చెరువును నింపి, ఒంగోలు సీమను తడుపుతూ బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండలకు పడమట నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాలలో ఎస్. పి. జి. సంఘానికి చెందిన ఆంగ్లికన్ మిషనరీలు పనిచేయగా, కొండలకు తూర్పున అమెరికన్ బాప్టిస్టులు పనిచేసినారు. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరంగా వెల్లంపల్లి వద్ద, ఆ గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ దినం తలచుకొన్నవారందరికీ వెంటనే స్ఫురించే పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అది న్యాయమే. అయితే ఆ ఊటకు వెనుక కురిసిన వాన మరొకరిది. ఆయన పేరు లైమన్ జ్యూయెట్. వాగ్దానం చేసినవాడు మాట తప్పడని నమ్మి, ఆ నమ్మకం మీదనే ఒక జీవితాన్ని వెచ్చించిన ఆ మనిషి చరిత్ర మతభేదం లేకుండా అందరూ తెలుసుకొనదగినది.

జ్యూయెట్ 1813 మార్చి 9న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వాటర్‌ఫర్డ్ గ్రామంలో జన్మించినారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోనూ, న్యూటన్ వేదాంత విద్యాలయంలోనూ చదువు ముగించి, భార్య యుఫీమియాతో కలిసి 1848లో ఓడ ఎక్కినారు. 1849లో నెల్లూరు చేరినారు. ఆయనతో కూడ వచ్చినవారు శామ్యూల్ డే. తెలుగువారి నడుమ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు పునాది వేసిన వ్యక్తి ఆ డే గారే. 1836లో ఇండియాకు వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, 1840లో నెల్లూరులో స్థిరపడినారు. అనారోగ్యం వల్ల స్వదేశానికి మరలిపోయి, ఇప్పుడు మళ్ళీ వస్తున్నారు. అంతకాలపు శ్రమకు ఫలంగా చూపదగినవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది మాత్రమే. అమెరికాలో మిషన్ పెద్దలు అప్పటికే ఒకసారి ఈ పని మానివేయుదుమా అని తర్కించి ఉన్నారు.

జ్యూయెట్ ముందుగా చేసిన పని భాష నేర్చుకొనుట. రంగస్థలం మీద ఉపన్యసించే పాండిత్యం కోసం గాక, సంతలో బేరమాడే రైతుకు అర్థమయ్యే తెలుగు కోసం ఆయన పాటుబడినారు. నేర్చుకొన్న తెలుగుతో ఊరూరా తిరిగినారు. వినేవారు ఉన్నారు, వాదించేవారు ఉన్నారు. నమ్మి ముందుకు వచ్చేవారు మాత్రం లేరు. 1853లో డే గారి ఆరోగ్యం పూర్తిగా చెడి, ఆయన శాశ్వతంగా ఈ దేశం విడిచిపోవలసి వచ్చింది. జ్యూయెట్ దంపతులు నెల్లూరులో మిగిలిపోయినారు.

ఆ సంవత్సరమే అమెరికాలోని ఆల్బనీ నగరంలో మిషన్ మహాసభ జరిగింది. తెలుగు మిషన్‌ను మూసివేయవలెనన్న ప్రతిపాదన సభ ముందుకు వచ్చింది. ప్రతిపాదించినవారు దుర్మార్గులు కారు. దాతలు ఇచ్చిన ధనానికి వారు లెక్క చెప్పవలసినవారు. బర్మాలో కరెన్ జాతివారు వేలకొలది క్రైస్తవులవుతూ ఉండగా, ఫలంలేని నేలలో విత్తనం ఎందుకు వృథా చేయవలెనని వారి ప్రశ్న. గోడమీది పటంలో బర్మా వైపున నక్షత్రాలు గుంపుగా ఉన్నవి. బంగాళాఖాతానికి ఈవలి ఒడ్డున, నెల్లూరు వద్ద, ఒక్కటే నక్షత్రం. మాట్లాడిన ఒకరు దానిని చూపి ఒంటరి నక్షత్రమని పేర్కొన్నారు. సభలో ఎడ్వర్డ్ బ్రైట్ అనే కార్యదర్శి మరొక ప్రశ్న వేసినారు. మిషన్ మూసివేసినామని జ్యూయెట్‌కు ఉత్తరం వ్రాయవలసినవాడు ఎవరు అని ఆయన అడిగినారు. ఎందుకంటే మిషన్ విడిచిపెట్టినా తాను తెలుగువారిని విడిచిపెట్టనని, అక్కడే జీవించి అక్కడే మరణించెదనని జ్యూయెట్ ముందే తెలియజేసి ఉన్నారు. సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి, అమెరికా దేశభక్తి గీతం ఒకటి వ్రాసి ప్రసిద్ధి చెందినవారు, ఆ ఒంటరి నక్షత్రం మీద ఒక గేయం వ్రాసినారు. ప్రతిపాదన వీగిపోయింది. నాటినుండి తెలుగు మిషన్‌కు లోన్ స్టార్ మిషన్ అనే పేరు నిలిచింది.

ఈ కథలో కవిగారి గేయానికి పెద్ద స్థానం ఇచ్చేవారు కలరు. కాని గేయం పుట్టడానికి ముందు, ఎక్కడో వేలమైళ్ళ దూరాన, తన పేరు సభలో చర్చకు వచ్చినదని కూడ ఎరుగక, తెలుగు పాఠం దిద్దుకొంటూ కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి నిలబడి ఉండకపోతే కవికి వస్తువు లేదు, కార్యదర్శికి ప్రశ్న లేదు.

1853 చివరలో జ్యూయెట్ నెల్లూరునుండి ఉత్తరంగా ప్రయాణించి ఒంగోలు చేరినారు. భార్య యుఫీమియా, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు క్రైస్తవ స్త్రీలు ఆయన వెంట ఉన్నారు. కొన్ని దినాలు వీధులలో బోధించినారు. ఆదరించినవారికంటె ఆటపట్టించినవారే అధికులు. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే, ఆ ఐదుగురూ ఊరి ప్రక్కనున్న కొండ ఎక్కినారు. సూర్యుడు సముద్రం వైపునుండి పైకి వచ్చేవేళకు ఒకరి తరువాత ఒకరు ప్రార్థించినారు. ఒంగోలుకు ఒక పనివానిని పంపుమని వారి ప్రార్థన. ప్రార్థన ముగిసిన తరువాత జ్యూయెట్ క్రింద బొమ్మజెముడు పొదలు మూసుకొని ఉన్న ఒక మెరకను చూపి, అక్కడ మిషన్ బంగళా వెలసే దినం ఒకటి వస్తుందని తనవారితో చెప్పినారట.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలె. ఒంగోలు అనే మాట ఏ వేదగ్రంథంలోనూ లేదు. ఫలానా కొండ క్రింద, ఫలానా సంవత్సరంలో ఇంతమంది విశ్వాసులగుదురని దేవుడు జ్యూయెట్‌కు వాగ్దానం చేసి ఉండలేదు. ఆయన పట్టుకొన్న వాగ్దానం అంతకంటె విశాలమైనది. దైవవాక్యం వానవంటిదని, నేలను తడపక వ్యర్థంగా తిరిగిపోదని యెషయా ప్రవక్త తెలిపిన భావం అది. తన శిష్యులతో యుగాంతం వరకు తోడుగా ఉండెదనని క్రీస్తు ఇచ్చిన మాట అది. ఇంతవరకే ఆయనకు ఆధారం. ఎప్పుడు, ఎవరివల్ల, ఏ రూపాన అన్నవి ఆయన ఎరుగరు. తన కోరికనే దేవుని వాగ్దానంగా భ్రమించేవాడు, కోరిక తీరకపోతే దేవుని నిందిస్తాడు. వాగ్దానం వేరు, కోరిక వేరు అని ఎరిగినవాడు మాత్రమే ఆలస్యాన్ని ఓర్చుకొనగలడు. ఇశ్రాయేలీయుల పితరుడైన అబ్రాహాము పాతికేళ్ళు కాచుకొన్నాడు. నడుమ తొందరపడి తానొక ఉపాయం పన్ని చిక్కులు తెచ్చుకొన్నాడు కూడ. కాచుకొనుట ఎంత కఠినమైన విద్యయో ఆ కథ చెబుతుంది.

కొండమీది ఉదయం తరువాత ఒక సంవత్సరం గడిచింది, రెండు గడిచినవి, అయిదు గడిచినవి. ఒంగోలుకు ఎవ్వరూ రాలేదు. నెల్లూరుకు డగ్లస్ దంపతులు సహాయంగా వచ్చినారుగాని, నెల్లూరు పనికే చేతులు చాలలేదు. 1857లో సిపాయిల తిరుగుబాటు కలత వచ్చింది. జ్యూయెట్ మాత్రం ఒంగోలును మరచిపోలేదు. నిలుపుటకు మనిషి లేనప్పుడే అక్కడ ఒక బంగళాను కొన్నారు. యెరూషలేమును శత్రువులు ముట్టడించి ఉన్న వేళ యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలం కొని, పత్రం వ్రాయించి, సాక్షులచే సంతకాలు పెట్టించిన కథ బైబిలులో ఉన్నది. నమ్మకానికి అంతకంటె స్పష్టమైన నిర్వచనం వెదకనక్కరలేదు. నాలుకతో నమ్మేవాడు మంచి కాలం వస్తుందని చెబుతాడు; మనసారా నమ్మేవాడు పొలం కొంటాడు.

1862లో ఆరోగ్యం క్షీణించి జ్యూయెట్ అమెరికాకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ అంతర్యుద్ధం జరుగుతూ ఉన్నది. ధనమూ మనుషులూ యుద్ధానికే చాలడం లేదు. తెలుగు మిషన్‌ను మూసివేయవలెనన్న మాట ముమ్మారు లేచింది. మరొక సంఘానికైనా అప్పగించవచ్చునన్న ఆలోచన కూడ కొందరికి తోచింది. జ్యూయెట్ పెద్దల ఎదుట నిలిచి, ఎవరు తోడు వచ్చినా రాకపోయినా తాను మళ్ళీ నెల్లూరు పోయెదనని నిశ్చయంగా చెప్పినారు. అప్పటి కార్యదర్శి వారెన్ గారు, అట్లయితే కనీసం పాతిపెట్టుటకైనా మరొకరిని వెంట పంపక తప్పదని పరిహాసంగా అన్నారని ప్రతీతి. ఆ పరిహాసమే నిజమైంది. వెంట పంపబడినవాడు పాతిపెట్టుటకు రాలేదు, పంట కోయుటకు వచ్చినాడు.

ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, పశ్చిమ సీమలలో పెరిగి, భూముల సర్వేలో పని నేర్చిన దృఢకాయుడు. 1864 చివరలో జ్యూయెట్‌తో కూడ ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరినారు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మారి, జ్యూయెట్ కొనిపెట్టిన బంగళాలో కాపురం పెట్టినారు. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. కొండమీద ఐదుగురు ప్రార్థించిన దినానికి సరిగా పదమూడు సంవత్సరాలు.

ఇంతవరకు చదివినవారు కథ ముగిసినదని అనుకొనవచ్చును. నిజమైన పరీక్ష ఇక్కడనే మొదలైంది. వాగ్దానం ఆలస్యమైనప్పుడు కాచుకొనుట ఒక ఎత్తు; అది అనుకొనని రూపంలో వచ్చినప్పుడు గుర్తుపట్టుట మరొక ఎత్తు.

నాటి మిషన్లవారిలో చాలామంది ఆశ ఏమంటే, ముందుగా అగ్రవర్ణాలవారు విద్యద్వారా క్రైస్తవులగుదురు, వారిని చూచి తక్కినవారు వత్తురు అని. ఒంగోలులో బ్రాహ్మణ గృహస్థులు కోరగా క్లౌ పాఠశాల తెరిచినారు. పిల్లలు చేరినారు. అంతలో కనిగిరి ప్రాంతాన తాళ్ళకొండపాడునుండి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చినాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగవాడు. దేవుని వెదకుతూ అంతకుముందే యోగమార్గ గురువులను ఆశ్రయించి ధ్యానం అభ్యసించినవాడు. 1866లో ఆయన బాప్తిస్మం పొందినాడు. తరువాత క్లౌను తన ఊరికి రమ్మని పిలిచినాడు. 1867 జనవరిలో క్లౌ అక్కడికి పోగా, నాలుగు దిక్కుల పల్లెలనుండి వచ్చినవారిలో 28 మంది బాప్తిస్మం తీసుకొన్నారు. వారిలో అధికులు మాదిగలు.

ఈ వార్త ఒంగోలులో పొక్కగానే పెద్దలు కలవరపడినారు. మాదిగలను చేర్చుకొన్న చోటికి తమ పిల్లలను పంపజాలమన్నారు. క్లౌ ఎదుట రెండు త్రోవలు నిలిచినవి. ఒక ప్రక్క చదువు, పలుకుబడి, పట్టణం. మరొక ప్రక్క చెప్పులు కుట్టే చేతులు. ఆ రాత్రి ఆయన ఒక గదిలోనూ, భార్య హారియెట్ మరొక గదిలోనూ బైబిలు తెరిచి చూడగా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరి దృష్టీ పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగంపై నిలిచిందట. జ్ఞానులను సిగ్గుపరచుటకు లోకం చులకన చేసినవారిని దేవుడు ఎన్నుకొన్నాడని అక్కడి భావం. పాఠశాల ఖాళీ అయింది. మాదిగపల్లెల తలుపులు తెరుచుకొన్నవి.

జ్యూయెట్ కాచుకొన్నది ఈ జవాబుకేనా? కొండమీద ప్రార్థించిననాడు ఆయన కన్నులకు తోచిన ఒంగోలు పట్టణం వేరు కావచ్చును. కాని వచ్చిన జవాబును ఆయన కాదనలేదు, తనకు అక్కరలేదనలేదు. ఇది చిన్న విషయం కాదు. లోకంలో ఎందరో, దేవుడు తమ మాట వినలేదని చెప్పేవారు, నిజానికి జవాబు వెనుక తలుపునుండి వచ్చినందుకు అలిగినవారే.

1876లో వానలు విఫలమైనవి. 1878 వరకు సాగిన ఆ ధాతు కరవు దక్షిణ దేశాన్ని ఎండగట్టింది. అప్పట్లో నంద్యాల, మహానంది చేరియున్న కర్నూలు జిల్లా అందరికంటె ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి; 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు నడుమ అక్కడి జనసంఖ్య పావు వంతు మేరకు పడిపోయింది. నెల్లూరు, ఒంగోలు సీమలో బకింగ్‌హాం కాలువ త్రవ్వకం కరవు పనిగా ప్రారంభమైంది. సర్వే నేర్చిన క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకాన్ని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించినారు. పేరయ్య వంటి బోధకులు పనివారి నడుమ మేస్త్రీలుగా తిరిగి, పగలు పని చూచి, విరామవేళ బోధించినారు.

ఆ కాలంలో బాప్తిస్మం కోరినవారు వందలు, వేలు. క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. కూటికోసం మతం మారినారన్న మాట రాకూడదని, కరవు సహాయం సాగినంతకాలం, పదిహేను నెలలు, ఆయన తలుపు మూసి ఉంచినారు. 1878 జూన్ నడుమ, ఇక సహాయం లేదని తెలిపిన తరువాతనే బాప్తిస్మాలు మొదలైనవి. సహాయం ఆగినా జనం ఆగలేదు. జూలై 3న వెల్లంపల్లి వద్ద ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొంటూ, గుండ్లకమ్మ నీటిలో నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చినారు. క్లౌ ఒడ్డున ఉన్నారేగాని తాను నీటిలో దిగలేదు. జూన్ 16 మొదలు జూలై 31 వరకు మొత్తం 8,691 మంది.

ఈ మహా సంచలనానికి చరిత్రకారులు అనేక కారణాలు చూపుతారు. కరవు, కుల నిర్బంధాలనుండి విముక్తి కాంక్ష, బంధువర్గమంతా కలిసి కదిలే అలవాటు, యోగమార్గం ముందే దున్ని పెట్టిన మనసులు — ఇవన్నీ ఉన్నవే. విశ్వాసికి వీటిని కాదనవలసిన అవసరం లేదు. నీరు రాతిపొరలగుండా వచ్చినదని చెప్పినంతమాత్రాన వాన కురవలేదని అర్థం కాదు. ఒక సంగతి మాత్రం నిర్వివాదం. కరవు రాకముందు ఇరువది రెండేళ్ళ నాడే, కరవును ఊహింపలేని కాలంలో, ఐదుగురు మనుషులు ఆ కొండమీద మోకరించినారు. వారిలో ఒకరు ఆ ప్రార్థనకు తగినట్లుగా తక్కిన జీవితాన్ని దిద్దుకొన్నారు.

1878లో జ్యూయెట్ మద్రాసులో తెలుగువారి నడుమ కొత్త కేంద్రం తెరిచినారు. అరువది అయిదేళ్ళ వయసున మళ్ళీ మొదటినుండి ప్రారంభం! ఒంగోలులో కొలదిదినాలలో వేలమంది చేరిన సంవత్సరమే ఆయన మద్రాసు వీధులలో ఒక్కొక్కరిని వెదకుతూ తిరిగినారు. తెలుగు క్రొత్త నిబంధన సంస్కరణలో కూడ చాలా కాలం శ్రమించినారు. ఒక్కొక్క పదాన్ని గ్రీకు మూలంతో సరిచూచుకొనే ఆ పని సభలలో చప్పట్లు తెచ్చేది కాదు. ముదిమివల్ల 1880 దశకం నడుమ స్వదేశానికి మరలి, 1897 జనవరి 7న మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో, ఎనుబది మూడేళ్ళ వయసున తుది శ్వాస విడిచినారు. నెల్లూరులోనే మరణించెదనన్న ఆయన యౌవనకాలపు మాట అక్షరాలా నెరవేరలేదు. మనుషుల మాటలు అంతే. తాను నమ్మినవాని మాట నెరవేరుట ఆయన కన్నులారా చూచినారు.

అందరికీ ఆ భాగ్యం లేదు. పునాది వేసిన డే గారు 1871లో అమెరికాలో మరణించినారు. ఒంగోలులో మొలక లేచిన వార్త ఆయన వినియుండవచ్చునుగాని, పంట ఆయన చూడలేదు. వాగ్దాన ఫలాన్ని దూరంనుండి చూచి నమస్కరించి మరణించిన పితరుల జాబితా ఒకటి హెబ్రీ పత్రికలో ఉన్నది. డే గారి స్థానం ఆ వరుసలో. జ్యూయెట్ అదృష్టవంతుడు, డే దురదృష్టవంతుడు అనుట తేలిక. కాని ఇద్దరి విశ్వాసమూ ఒక్కటే. చూచినవాని విశ్వాసం చూపువల్ల పెద్దది కాలేదు; చూడనివానిది చూడకపోవుటవల్ల చిన్నది కాలేదు.

ఒంగోలులో జ్యూయెట్ పేర ఒక దేవాలయం, క్లౌ పేర ఒక వైద్యశాల వెలసినవి. ఐదుగురు మోకరించిన కొండకు ప్రార్థన కొండ అన్న పేరు నిలిచింది. పరీక్ష ఫలితాలు వెంటనే రావలెనని తహతహలాడే విద్యార్థికీ, నలుబది మంది పిల్లల ఎదుట నిలిచి తన మాట ఎవరి హృదయంలో ఇంకుతున్నదో తెలియక నిట్టూర్చే ఉపాధ్యాయునికీ ఈ చరిత్ర ఒక సంగతి చెబుతుంది. నమ్మకమంటే చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు, గడువు పెట్టి దేవునితో బేరమాడుట కాదు. ఇంకా ఎవ్వరూ రాని ఊరిలో ఇల్లు కొని ఉంచుట. వచ్చినవారు తాను ఎదురుచూచినవారు కాకపోయినా తలుపు తెరుచుట. ఆ తరువాత, పని ముగిసినదని కూర్చోక, మరొక ఊరికి బయలుదేరుట.